ఊరికే ఆగిన రైలు

మా అల్లుడు ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. ఆ మధ్య వాళ్ల ఆఫీసులో ఏదో శిక్షణ ఇచ్చారట. నాకు ఫోన్ చేసి, నాయకుడంటే నిజానికి సేవకుడని, కింద పనిచేసేవాళ్లకు ఏం కావాలో చూసుకోవడమే పైవాడి పని అని చాలాసేపు చెప్పాడు. నేను ఊ కొడుతూ కొడుతూనే కునుకు తీశాను. చివర్లో "మీరు సర్వీసులో ఇలాంటివి ఏమైనా చేశారా మామయ్యా?" అని అడిగితే మెలకువ వచ్చింది. కాసేపు ఆలోచించి, "ట్రాలీ దిగేవాణ్ణి" అన్నాను. అతనికేమీ అర్థం కాలేదు. సిగ్నల్ సరిగా లేదనుకుని ఫోన్ పెట్టేశాడు.

మీలో ఈ మధ్యే ఉద్యోగంలో చేరి, చేతికింద నలుగురు మనుషులు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, మా అల్లుడికి చెప్పలేకపోయిన సంగతి మీకు చెబుతాను. పెద్ద విశేషమేమీ లేదు. ఎవరూ చనిపోలేదు, ఎవరికీ పతకాలు రాలేదు. ఒక రైలు ఊరికే ఆగింది, అంతే.

నేను రైల్వేలో పట్టాల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. ఆఖరి పోస్టింగు అనంతగిరి కొండల్లో. మైదానం నుంచి అరకు వైపు ఎక్కే లైను అది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్య మధ్య సొరంగాలు. కొండను నిలువునా కోసి పట్టాలు వేసిన చోటును మేము కటింగ్ అంటాం. వానాకాలం వస్తే మా ప్రాణాలన్నీ ఆ కటింగుల దగ్గరే ఉంటాయి. పైనుంచి ఒక బండ జారి పట్టాల మీద పడితే, మలుపు తిరిగి వచ్చే రైలు డ్రైవరుకు అది కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని వానలు మొదలు కాగానే భయమున్న ప్రతి కటింగ్ దగ్గరా ఒక మనిషిని కాపలా పెడతాం. ఒక రేకుల గుడిసె, ఒక గొడుగు, ఒక ఎర్ర జెండా, ఒక పచ్చ జెండా ఇస్తాం. కొండను చూస్తూ కూర్చోవడమే అతని పని. అనుమానం వస్తే ఎర్ర జెండా ఊపుతూ రైలుకు ఎదురు పరిగెత్తాలి.

నా కింద పనిచేసే గ్యాంగులో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు, సగం మంది ఆ కొండల వాళ్లే. మా ఇంటావిడ పిల్లల చదువుల కోసం విజయనగరంలో ఉండేది. నాకు వంట రాదు. ఉప్మా చేస్తే గరిటె నిలబడేది. అందుకని మధ్యాహ్నం గ్యాంగు ఎక్కడ కూర్చుంటే నేనూ అక్కడే కూర్చుని, వాళ్లు పెట్టింది తినేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు గ్యాంగుతో కలిసి తింటాడని తర్వాతి రోజుల్లో నాకు మంచి పేరు వచ్చింది. అందులో నా గొప్ప ఏమీ లేదు, ఆకలి తప్ప. కానీ తినేటప్పుడు మనుషులు మాట్లాడుకుంటారు. ఎవరికి నడుం నొప్పి, ఎవరి ఇంట్లో గొడవ, ఏ పట్టా కింద రాళ్లు కుంగాయి, అన్నీ ఆ అరగంటలో తెలిసిపోయేవి. ఆఫీసులో కూర్చుని అడిగితే "అంతా బాగుంది సార్" తప్ప ఇంకో జవాబు రాదు.

గ్యాంగుకు పెద్దగా ఒక మేస్త్రీ ఉండేవాడు. పలాస వైపు మనిషి, నాకంటే వయసులో పెద్ద. నేను ఎవరినైనా కేకలేస్తే, ఆ మనిషి వెళ్లిపోయేదాకా ఆగి, ఆ తర్వాత నాకు తలంటేవాడు. నాకు కోపం ఎక్కువ. ఇప్పటికీ ఎక్కువే, మా ఇంటావిడను అడగండి.

ఇక అసలు మనిషి సంగతి. అతను లైనుకు పైన, కొండ మీద ఉన్న ఒక చిన్న ఊరివాడు. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. పెళ్లయి అత్తవారింట్లోనే ఉండేవాడు. మామూలుగా మాట్లాడేది తక్కువ, పాట మాత్రం గట్టిగా పాడేవాడు. పట్టాలను గునపాలతో పక్కకు జరపాలంటే అందరూ ఒకేసారి బలం వెయ్యాలి. దానికి ఒకడు పాట అందుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు. మా గ్యాంగులో పాట అందుకునేది అతనే. పాటలు అప్పటికప్పుడు కట్టేవాడు, ఎక్కువగా నా మీదే.

"ఇస్పెటరు బాబు, ఐలెస్సా. ఇడ్డెన్లు తిన్నాడు, ఐలెస్సా. ట్రాలీ ఎక్కితే, ఐలెస్సా. టైర్లు పగిలినాయి, ఐలెస్సా."

ట్రాలీకి టైర్లుండవని చెబితే, "మీరెక్కేకే పగిలినాయి గదా బాబూ, ఇంకెక్కడుంటాయి" అనేవాడు. గ్యాంగంతా పడీపడీ నవ్వేది. పట్టా మాత్రం సరిగ్గా ఎక్కడికి జరగాలో అక్కడికి జరిగేది. అతనంటే నాకు మొదటినుంచీ ఇష్టం.

ఆ ఏడు వానలు ముదిరాక అతన్ని ఒక పెద్ద కటింగ్ దగ్గర కాపలా పెట్టాను. ఓ రోజు పొద్దున్న ఆ దారిన వెళ్తూ గుడిసె దగ్గర ఆగాను. తను తెచ్చుకున్న చోడి అంబలిలో, అదే రాగి జావలో, నాకూ గ్లాసుడు పోశాడు. తాగి, ముందున్న సొరంగంలో పని చూసుకోవడానికి వెళ్లాను. పొద్దెక్కాక అరకు వెళ్లే పాసింజరు రావాలి. అది వచ్చే వేళకు రైలు కూత వినిపించింది, ఆ తర్వాత చక్రాలు కీచుమన్న శబ్దం. అక్కడ ఆగాల్సిన రైలు కాదది. నేను పని వదిలేసి వెనక్కి పరిగెత్తాను.

రైలు కటింగ్‌కు అవతల నిలబడి ఉంది. ఇతను ఇంజను ముందు ఎర్ర జెండాతో నిలబడి వగరుస్తున్నాడు. డ్రైవరు కిందికి దిగాడు. ఆ లైనులో ఏళ్లతరబడి తిరుగుతున్న మనిషి, నోటి దురుసుతనం ఉన్నా చెడ్డవాడు కాదు. రైలు చివర అద్దాల బోగీ ఉంటుంది, కొండలు చూడటానికి వచ్చే టూరిస్టుల కోసం. వాళ్లప్పటికే తలుపుల దగ్గరకు వచ్చి ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు.

"ఏమైంది?" అన్నాను.

"నీరు సూడండి బాబూ. పొద్దున్న తేటగా ఉన్నాది. ఇప్పుడు ఎర్రగా దిగీసింది. రాళ్లు కూడా దొర్లుతన్నాయి. పైన ఎక్కడో కొండ విచ్చుకుంటన్నాది అనిపించింది."

అతను చెప్పింది నిజమే. కటింగ్ మీదినుంచి జారే సన్నని నీటిధార పొద్దున్న నేను చూసినప్పుడు తేటగా ఉంది. ఇప్పుడు ఎర్రమట్టి కలిపినట్టు దిగుతోంది, చిన్న చిన్న రాళ్లు కూడా వస్తున్నాయి. కొండ జారే ముందు నీరు అలాగే రంగు మారుతుందని మేమే వాళ్లకు నేర్పాం. ఇది చూసి ఆపకపోతే తప్పయ్యేది. పైకి వెళ్లి చూద్దామని అతన్నీ మేస్త్రీనీ తీసుకుని, తుప్పలు పట్టుకుంటూ కొండెక్కాను.

పైన గెడ్డ ఒడ్డున, అంటే కొండవాగు పక్కన, ఏడెనిమిది మంది ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి నీళ్లలో ఉన్నారు. గెడ్డకు అడ్డంగా మట్టితో కట్ట కట్టి, నీళ్లు తోడేసి, బురదలో పీతలు పట్టుకుంటున్నారు. పని అయ్యాక కట్ట తెంచేశారు. ఆ బురదంతా కిందికి వెళ్లి మా కటింగ్‌లో దిగింది. అందరిలోకీ ముందు, నిండా పీతలున్న బుట్ట చంకన పెట్టుకుని నిలబడినావిడ మా వాడి అత్తగారు.

ఆవిడ అల్లుణ్ణి చూసి ఆశ్చర్యపోయింది. "ఏటి అల్లుడూ, ఇటొచ్చినావు? రైలెవులు సూత్తారు?" అంది.

ముందు నవ్వింది మేస్త్రీ. ఆ వెంటనే నేను. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. కిందికి దిగేసరికి ఆడవాళ్ల కేకలతో కబురు మాకంటే ముందే చేరిపోయింది. డ్రైవరు ఇంజను ఎక్కుతూ, "ఇంకనుంచి టైం టేబుల్లో మీ అత్త పీతల టైము కూడా ఎయ్యించండి బాబూ" అన్నాడు. అద్దాల బోగీ దాకా ఆ నవ్వు పాకింది. ఇతను కూడా నవ్వాడు. కానీ పచ్చ జెండా ఊపేటప్పుడు చెయ్యి సగం వరకే లేచింది. ఆ సంగతి నాకు అప్పుడు పట్టలేదు, ఆ సాయంత్రం మేస్త్రీ చెబితే గుర్తొచ్చింది.

రెండు రోజులకు పై ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. టూరిస్టులు తీసిన వీడియో అందరి ఫోన్లలోకీ చేరింది. ఎవరో దాని కింద, జీలుగు కల్లు తాగి రైలు ఆపేశాడని రాశారు. దాన్ని చూసి ఇంకెంతమందో అదే రాశారు. మా అధికారి చాలా చిన్నవాడు, మా అమ్మాయి వయసు ఉంటుంది. అతని మీద ఇంకా పైనుంచి ఒత్తిడి.

"మనిషి తాగి ఉన్నాడా?" అన్నాడు.

"లేదు సార్."

"మీరెలా చెప్పగలరు?"

"ఆ పొద్దున్న అతను తాగింది చోడి అంబలి సార్. అందులో సగం నేనే తాగాను."

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, కారణం లేకుండా రైలు ఆపాడు కదా. దానికి ఛార్జిషీటు ఇవ్వమంటున్నారు."

"ఆపమన్నది నేను సార్. నాకివ్వండి."

"ఆ టైముకు మీరు అక్కడ లేరండీ."

"అతను ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాను సార్. ప్రతి వానాకాలం చెబుతాను. అనుమానం వస్తే ఆపు, తప్పయితే నాది అని. అతను నా మాట విన్నాడు. ఇప్పుడు ఆ మాట నాది కాదంటే, ఇంకోసారి మా గ్యాంగులో ఎవరూ నా మాట వినరు. ఇంకోసారి వచ్చేవి పీతలే అని ఎవరూ చెప్పలేరు కదా సార్."

చాలాసేపు వాదించుకున్నాం. నా గొంతు పెరిగింది కూడా. చివరికి మా వాడికి ఏమీ కాలేదు, నాకు ఒక మెమో వచ్చింది. రిటైరయ్యే ముందు వచ్చే మెమోకు భయపడేవాళ్లెవరు, దాన్ని మడిచి బల్ల కిందికి దోపాను, బల్ల ఊగడం మానింది. ఆ అధికారి మంచివాడని ఇప్పుడు చెప్పాలి. తన చేతిలో ఉన్నంతవరకు వెనక్కి తగ్గాడు.

మర్నాడు పొద్దున్నే అతని అత్తగారు నా క్వార్టరుకు వచ్చింది. కొండ దిగి, వానలో తడుస్తూ. చేతిలో ఆకుల్లో చుట్టిన పీతలు.

"బాబూ, నా పీతల కోసరం మా అల్లుడి ఉద్దోగం పోతాదేటి?"

"పోదమ్మా. ఉద్యోగం బాగానే ఉంది."

"మరి పోయినట్టే ఉన్నాడేటి? అన్నం తినడు. గుంట పిల్లలతో ఆడడు. నానొచ్చి కూకుంటే లేసి పోతన్నాడు. ఇంకెప్పుడూ గెడ్డకి ఎల్లనని సెప్పీనాను. అయినా పలకడు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపు కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పీతలు తీసుకోనంటే బాధపడింది, తీసుకున్నాను. వాటిని వండటం నాకు రాక మేస్త్రీ ఇంటికి పంపాను.

ఇక్కడినుంచే నా పని మొదలైందని నాకు తర్వాత అర్థమైంది. ఛార్జిషీటు ఆపించి నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను. కానీ మనిషిని కుంగదీసింది ఛార్జిషీటు కాదు. నవ్వు. గ్యాంగులో అతని పేరే పోయి, పీతలబాబు అయ్యాడు. సంతలో ఎవరో పీతలబాబూ అని పిలిచారు. డ్రైవరు ఆ కటింగ్ దాటేటప్పుడల్లా రెండు కూతలు కూసి చెయ్యి ఊపేవాడు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ప్రేమగానే నవ్వేవాళ్లు. అందుకే అతను కోపం కూడా తెచ్చుకోలేకపోయాడు.

పాట ఆగిపోయింది. గునపాలు పట్టుకుని అందరూ నిలబడి అతని వైపు చూసేవాళ్లు, అతను పట్టాల వైపు చూసేవాడు. వేరేవాడు అందుకునేవాడు, కాని ఆ పాటకు ఊపు లేక ఒకడు ముందు, ఒకడు వెనక బలం వేసేవాళ్లు. నా మీద పాట లేని గ్యాంగులో నాకు ఏమీ తోచేది కాదు.

నేను నాకు తెలిసిన మంచి చేశాను. అతన్ని కటింగ్ కాపలా నుంచి తప్పించి, స్టేషను దగ్గర స్టోరు గదికి వేశాను. నీడలో పని, వాన లేదు, ఎవరూ ఎగతాళి చేయరు. వారం తిరక్కుండానే మేస్త్రీ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"బాబూ, ఏటి సేసినారో తెలుస్తందా?"

"ఏం చేశాను? కష్టం లేని పని ఇచ్చాను."

"తీసీసినారనుకుంటన్నాడు. జెండా పట్టడానికి పనికిరాడని మీరే ముద్దర ఏసీసినారు. మెమో తీసుకున్నారు, బాగున్నాది. దానికన్నా ఇది పెద్ద శిక్ష గాదేటి?"

ఆ మేస్త్రీ మీద నేను కేకలేశాను. అతను వెళ్లిపోయాక కూర్చుని ఆలోచిస్తే అతనే కరెక్టు. మర్నాడు మా వాణ్ణి మళ్లీ గ్యాంగులోకి తెచ్చాను. వచ్చాడు. చెప్పిన పని చేశాడు. కానీ ఇంకో సంగతి గమనించాను. ఒకరోజు పట్టా జాయింటు దగ్గర పగులు లాంటిది కనిపించింది. అందరికంటే ముందు చూసింది అతనే, చూసి ఏమీ అనలేదు. పక్కవాడు చూసి అరిచేదాకా నోరు విప్పలేదు. తర్వాత అది పగులు కాదు, గీత అని తేలింది. అతను చెప్పకపోవడం వల్ల ఏమీ నష్టం రాలేదు. కానీ నాకు ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఈ మనిషి ఇంకోసారి అనుమానం వచ్చినా రైలు ఆపడు. ఇతన్ని చూసిన మిగతావాళ్లు కూడా ఆపరు. మేమందరం కలిసి నవ్వి, మా కటింగుల కాపలా తీసేసుకున్నాం.

ఏం చేయాలి? ధైర్యం తెచ్చుకో అని చెప్తే ఎవరికైనా ధైర్యం వస్తుందా? మెచ్చుకుంటే దాన్ని కూడా ఎగతాళే అనుకుంటాడు. నవ్వొద్దని గ్యాంగుకు ఆజ్ఞ వేస్తే చాటున నవ్వుతారు. చాలా రోజులు ఆలోచించి, చివరికి ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పాను.

"రేపటినుంచి లైను మీద నా ట్రాలీ కనిపిస్తే ఎవరైనా ఎర్ర జెండాతో ఆపొచ్చు. కారణం ఉన్నా సరే, లేకపోయినా సరే. నేను ఆగుతాను. దిగుతాను. చూపించింది చూస్తాను. ఆపినవాణ్ణి ఒక్క మాట అనను."

ట్రాలీ అంటే చక్రాల మీద బల్ల వేసినట్టుంటుంది, మనుషులు తోస్తారు. లైను చూసుకుంటూ నేను రోజూ దాని మీదే తిరిగేవాణ్ణి. ఎర్ర జెండాను ఇలా వాడటానికి రూల్ బుక్కు ఒప్పుకోదు. తెలిస్తే రెండో మెమో వచ్చేది, బల్లకు ఇంకో కాలు కూడా సరిపోయేది.

మేస్త్రీ ముక్కు మీద వేలేసుకున్నాడు. "మీ కోపానికి ఇది అయ్యే పనేటి బాబూ?"

మొదటి రోజులు నరకం. ఎండలో బయల్దేరానా, మలుపు తిరగ్గానే ఎర్ర జెండా. దిగితే, "పనసపండు కోసీనాం బాబూ, రెండు తొనలు తినెల్లండి." ఇంకొంచెం ముందుకు పోతే ఇంకోడు. కూతురి చెవులు కుట్టించడానికి సెలవు కావాలట. వాన పడుతున్నప్పుడు ఒకడు ఆపి, "గొడుగు మరిసిపోనారు" అని చెప్పాడు. నాకు తిట్టు నోటి దాకా వచ్చేది. మింగేసి, దిగి, "మంచి పని చేశావు" అని మళ్లీ ఎక్కేవాణ్ణి. ట్రాలీ తోసేవాళ్లు నా మొహం చూడకుండా తల తిప్పుకుని నవ్వుకునేవాళ్లు. గ్యాంగులో పనిచేసే ఒకావిడ ఓసారి ఆపి, పట్టాల కింద రాళ్లు కొట్టుకుపోయిన చోటు చూపించింది. ఇంతకు ముందైతే చెప్పేదాన్ని కాదు బాబూ, ఆడది ఏటి సెప్తాదిలే అనుకుంటారని భయం, అంది. ఆ రోజు ఎండలో అన్నిసార్లు దిగిన విసుగంతా పోయింది.

నెలలు గడిచాయి. ఆపడం అలవాటైపోయింది. ఊరికే ఆపినవాణ్ణి చూసి ఇప్పుడెవరూ నవ్వడం లేదు, ఎందుకంటే అందరూ ఏదో ఒకరోజు ఊరికే ఆపినవాళ్లే. పీతలబాబు అన్న పేరు ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. కానీ అతను మాత్రం ఆపలేదు. నా ట్రాలీ వస్తుంటే పక్కకు తప్పుకుని తల దించుకుని నిలబడేవాడు. నేనూ ఏమీ అడిగేవాణ్ణి కాదు. అడగకుండా ఉండటం, దిగడం కంటే కష్టంగా ఉండేది.

కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో, మంచు ఇంకా విడవని ఒక పొద్దున్న, సొరంగం దాటగానే పట్టాల మధ్య ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో ఎర్ర జెండా. దగ్గరికి వచ్చేదాకా అతనని పోల్చుకోలేదు. దిగాను.

"ఏమిటి?"

అతను జెండా కిందికి దించాడు. "ఏటీ నేదు బాబూ. ఆగుతారో నేదో సూద్దామని."

"ఆగాను కదా."

"ఆగినారు."

"మంచి పని చేశావు" అన్నాను, అందరికీ చెప్పినట్టే. వెంటనే ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాను. వెనక్కి చూడొద్దని ట్రాలీ తోసేవాళ్లకు కూడా చెప్పాను. ఆ వారంలో గునపాల దగ్గర పాట మళ్లీ మొదలైంది. నా పొట్ట మీదే.

తర్వాతి వానాకాలం ముందు, కటింగ్ కాపలాకు ఎవరిని వెయ్యాలని అనుకుంటుంటే అతనే వచ్చి అడిగాడు, పాత చోటే కావాలని. ఇచ్చాను. ఇచ్చినందుకు ఆ రాత్రి నాకు భయం వేసిందని కూడా చెప్పాలి. ఈసారి కూడా అనవసరంగా ఆపితే పైవాళ్లు ఊరుకోరు. అంతకంటే, ఈసారి నవ్వితే ఈ మనిషి ఇంక లేవడు.

శ్రావణంలో ఒక రోజు తెల్లారినప్పటినుంచి వాన వదల్లేదు. నేను కటింగ్‌కు బాగా ఇవతల, ఒక కల్వర్టు దగ్గర నీళ్లు చూసుకుంటున్నాను. అరకు పాసింజరు కూత వేస్తూ నన్ను దాటిపోయింది. ఆ తర్వాత అదే కీచుమన్న శబ్దం.

గొడుగు అక్కడే పారేసి నడిచాను. పరిగెత్తే వయసు కాదు. దారిలో ఫోను మోగింది, మన చిన్న అధికారి. ఎత్తలేదు. నేను చేరేసరికి, దగ్గర్లోనే పనిలో ఉన్న మేస్త్రీ, ఇంకో ఇద్దరు పైనుంచి దిగి వస్తున్నారు. వాళ్లు కొండంతా చూసి వచ్చారు. పైన ఒక చెట్టు వేరుతో సహా వాలిందట, దానితో కొంచెం మట్టి జారిందట. చెట్టు ఇంకో రెండు చెట్లకు ఆనుకుని గట్టిగా నిలబడి ఉంది. బండలు కదల్లేదు. కిందికి ఏమీ రాలేదు, వచ్చే ప్రమాదమూ లేదు.

అంటే మళ్లీ ఊరికే.

నేను ఇంజను వెనక, మొదటి బోగీ పక్కన ఆగిపోయాను. ముందు అతను నిలబడి ఉన్నాడు, నిలువునా తడిసి, ఎర్ర జెండా చేతిలో. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ఆ పాత డ్రైవరే. అద్దాల బోగీ తలుపుల దగ్గర ఫోన్లు మళ్లీ లేచాయి.

"ఏటి, మళ్లీ మీ అత్తేనా?" అన్నాడు డ్రైవరు.

నేను ముందుకు వెళ్లి, "నేనే ఆపమన్నాను" అందామని నోరు తెరిచాను కూడా.

"కాదు" అన్నాడు అతను. "చెట్టు వాలింది. అనుమానం వొచ్చి ఆపీనాను. సూసొచ్చినారు, ఏటీ నేదు. ఊరికే ఆపినట్టయింది. ఎల్లండి."

తల దించలేదు. నవ్వలేదు. మన్నించమని అడగలేదు. సంతలో బేరం కుదరకపోతే ఎలా చెబుతారో అంత మామూలుగా చెప్పాడు. డ్రైవరు అతని మొహం కేసి ఒక క్షణం చూశాడు. ఏమనిపించిందో, ఇంకో జోకు వెయ్యలేదు. "సరే, సూసుకో" అని తల లోపలికి తీసుకున్నాడు.

అతను పచ్చ జెండా పూర్తిగా ఎత్తి పట్టుకున్నాడు. రైలు కదిలింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోవాల్సిన పని లేకుండా వాన పడుతూనే ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఇంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు. ఏ కొండా పడలేదు, ఎవరి ప్రాణాలూ కాపాడలేదు, పై ఆఫీసు నాకోసం మళ్లీ ఫోన్ చేస్తోంది.

ఆఖరి బోగీ దాటిపోయాక అతను రెండు జెండాలూ చుట్టి చంకలో పెట్టుకుని, గుడిసెలోకి వెళ్లి, కొండకేసి చూస్తూ కూర్చున్నాడు. నేనక్కడ ఉన్నట్టు అతనికి తెలియదు. పిలుద్దామనుకుని, పిలవకుండానే వెనక్కి తిరిగాను.